350 మాటల సాక్ష్యము



తన్ను గూర్చి తాను చెప్పుకొనవలసి వచ్చినప్పుడు మనుష్యుడు ఎంతవరకు సాహసింపవచ్చును? ఎంతవరకు అలంకరింపవచ్చును? కల్పన యెక్కడ ముగియును, అబద్ధమెక్కడ మొదలగును? ప్రశ్న పాతదే గాని ఇప్పుడది మన ఇండ్లలోనికి క్రొత్త దారిని వచ్చుచున్నది. మన సంఘములలో నర్సు పని నేర్చి అమెరికా వెళ్లిన సహోదరీలు కొందరు కలరు. వారి పిల్లలు అక్కడ కళాశాల చదువులకు ఎదిగిరి. ఒక కళాశాలనుండి మరియొక కళాశాలకు మారగోరినప్పుడు ఆ పిల్లలు దరఖాస్తుతోకూడ తమ్మును గూర్చి వ్యాసము వ్రాసి పంపవలెను. ఆ వ్యాసము పంపకమునుపు ఫోనులో ఇక్కడి తాతలయొద్దకు, మేనమామలయొద్దకు, ఒక్కొక్కప్పుడు అయ్యగారి యొద్దకును వచ్చి, "ఇట్లు వ్రాయవచ్చునా?" అని అడుగుచున్నది. అడిగినవారికి జవాబు చెప్పవలెను గదా.

మొదట అక్కడి పద్ధతి తెలిసికొందము. మన దేశములో ప్రవేశపరీక్షలో ఇన్నవ ర్యాంకు వచ్చినదనిన చాలును, "నీవెవరవు, ఇక్కడికెందుకు వచ్చుచున్నావు?" అని పిల్లవానిని ఎవరును అడుగరు. అమెరికాలో అడుగుదురు. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని కలవు. కాలిఫోర్నియా రాష్ట్రమొక్కదానిలోనే అట్టివి 116 ఉన్నవి. రుసుము తక్కువ గనుక కూలిపని, దుకాణపు పని చేసికొనుచు చదువుకొను పిల్లలు మొదటి రెండేండ్లు అక్కడ ముగించి, తక్కిన రెండేండ్లకు పెద్ద విశ్వవిద్యాలయమునకు మారవచ్చును. ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయము, అనగా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, మారగోరువారిని నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయుమనును. ఒక్కొక్కటి 350 మాటలు మించరాదు. వాటిలో ఒకటి తప్పనిసరి: నీవు కోరుకొనిన విద్యకు ఇంతవరకు ఎట్లు సిద్ధపడితివి? తక్కిన మూడును ఏడు ప్రశ్నలలోనుండి ఏరుకొనవచ్చును. ఇతర విశ్వవిద్యాలయములు అనేకము కామన్ అప్లికేషన్ అను ఉమ్మడి దరఖాస్తును వాడును. అక్కడను ముఖ్యముగా తెలియగోరునది ఎందుకు మారుచున్నావు, మారి యేమి చేయగోరుచున్నావు అనునదే.

350 మాటలనగా ఎంత? ఆదివారమున నేను చదువు ప్రకటనలు ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువుండును. అంత కొద్ది చోటులో, వందలకొలది వ్యాసములు చదివి అలసియున్న పరిశీలకుని యెదుట, ఇరువదియేండ్ల పిల్లవాడు తానెవరో చెప్పవలెను. కావున ఏదైనను విచిత్రముగా చేసి వాని చూపు నిలుపవలెనను కోరిక పుట్టుట సహజము.

సంఘపు పెద్దలు కొందరు ఈ మాట విని, "కథ కట్టి వ్రాయుట యేల? ఉన్నదున్నట్లు వ్రాసిన చాలదా? కల్పన అబద్ధమునకు చెల్లెలు కాదా?" అందురు. నేనట్లు తలంచను. యోతాము గెరిజీము కొండ కొనమీద నిలిచి, చెట్లు తమకు రాజును వెదకుకొనిన కథ షెకెమువారికి వినిపించెను. ఒలీవ చెట్టు ఎప్పుడు మాటలాడెనని ఎవరును అతని నిలదీయలేదు. అది కథయని వినువారికి తెలియును. ఆ ముండ్లపొద యెవరో కూడ వారికి తెలియును. (కథ ముగించి అతడు పారిపోయెననుట వేరు సంగతి. సాహసమునకు వెల కలదు.) వినువాడు కథను కథగా ఎరిగియున్నయెడల అక్కడ మోసము లేదు. అతడు కథను జరిగిన సంగతిగా నమ్మునని తెలిసి చెప్పితిమా, అప్పుడది యెంత అందముగా నున్నను అబద్ధమే.

ఈ కొలతతో కొలిచి చూడుడు. హ్యూ గాలఘర్ అను అమెరికా విద్యార్థి కళాశాల దరఖాస్తు వ్యాసమునే ఎగతాళి చేయుచు ఒక వ్యాసము వ్రాసెను. మనుష్యమాత్రులకు సాధ్యముకాని ఘనకార్యములన్నియు తానే చేసితినని వరుసగా చెప్పుకొని, కాలేజీ మెట్టు మాత్రము ఇంకను ఎక్కలేదని ముగించెను. 1990లో స్కొలాస్టిక్ వారి రచనల పోటీలో దానికి హాస్యమునకుగాను బహుమానము వచ్చెను. తరువాత అతడు న్యూయార్క్ యూనివర్సిటీలో చదివెను. దానిలో నిజమైన వాక్యము ఒకటో రెండో. అయినను ఎవరును మోసపోలేదు. చదువువారు మొదటి పంక్తులలోనే నవ్విరి. చికాగో విశ్వవిద్యాలయము తానే విచిత్రమైన ప్రశ్నలిచ్చి, విచిత్రమైన జవాబులను కోరును. 2017లో ఒక విద్యార్థి, నీకు ముఖ్యమైనదేది, ఎందుచేత అని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు అడుగగా, నల్లజాతివారి ప్రాణములను గూర్చిన నినాదమొక్కటే నూరుసార్లు వ్రాసి పంపెను. సీటు వచ్చెను. కొందరు మెచ్చుకొనిరి, ఎందుచేత అను సగమునకు జవాబెక్కడనని మరికొందరు అడిగిరి. ఆ రెండవవారి పక్షముననే నేనున్నాను. ఒక్క సంగతి మరువరాదు: ఆ పిల్లవాడు అప్పటికే ఒక యువజన సంస్థను స్థాపించి నడుపుచుండెను. ఆ నూరు పంక్తులవెనుక దరఖాస్తులో తక్కిన కాగితములు నిలిచియుండెను. ఉపాయమును మాత్రము చూచి అనుకరించువాడు ఆ కాగితములను చూడడు.

పైగా వీరందరును ఉన్నత పాఠశాల ముగించి మొదటిసారి కళాశాలకు వెళ్లు పిల్లలు. మారుటకు వ్రాయువాని సంగతి వేరు. వాని చేతిలో రెండేండ్ల కళాశాల మార్కులున్నవి. పరిశీలకుని చేతిలోను అవే ఉన్నవి. వానిని అడుగు ప్రశ్న చమత్కారమును కోరునది కాదు. ఎందుకు? ఏ విధముగా సిద్ధపడితివి? ఇంతే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సలహాదారులు సూటియైన జవాబే కావలెననియు, కవిత్వము అక్కరలేదనియు చెప్పుచుందురు. అచ్చట ఒక్క అలంకారపు పంక్తి వ్రాసిన ఒక్క నిజమైన సంగతికి చోటు పోవును.

పాత కళాశాలను నిందించుట ధైర్యమని కొందరు పిల్లలనుకొందురు. అది అన్నిటికంటె చౌక ధైర్యము. పాత సంఘపు కాపరిని తిట్టుచు క్రొత్త సంఘములో చేరవచ్చువానిని నేను చూచితిని. అట్టివానిని పుస్తకములో ఎక్కించుటకు మునుపు కొన్ని నెలలు ఆగుదును.

దావీదు సౌలు కవచమును వేసికొని, అది తనకు వాడుక లేదని తీసివేసెను గదా. మనము దానిని తరచుగా వినయమునకు గురుతుగా చెప్పుదుము. కాని అతడు వట్టిచేతులతో వెళ్లలేదు. వడిసెల వాడుక గల చేతితో వెళ్లెను. చేతికి అలవాటైన పనిముట్టునే నమ్ముకొని, నవ్వుదురను భయము విడిచి నిలుచుట ఒక సాహసము. ఇంటిలో తెలుగు మాటలాడి పెరిగిన పిల్లవాడు నిఘంటువులోని పెద్ద ఇంగ్లీషు మాటలు తొడుగుకొని నడువబోవుట, ఆ కవచము తొడుగుకొని తూలుట వంటిదే. డబ్బుపుచ్చుకొని వ్రాసిపెట్టువారి మాటలైనను, యంత్రము అల్లియిచ్చు మాటలైనను అంతే. వ్రాత విద్యార్థి సొంతమైయుండవలెనని ఆ విశ్వవిద్యాలయమువారు స్పష్టముగా కోరుచున్నారు. దరఖాస్తులోని సంగతులకు రుజువు చూపుమని కొందరిని అడుగుదురు కూడ.

ఇక చెడ్డ సాహసములను గూర్చి కొంచెము చెప్పవలెను. 2007లో ఒక యువకుడు వేరొక కళాశాలనుండి హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు మారెను. ప్రసిద్ధమైన ఎం.ఐ.టి.లో చదివినట్లు మార్కుల కాగితములు, సిఫారసు ఉత్తరములు తానే సృష్టించుకొనెను. రెండేండ్లు ఎవరికిని తెలియలేదు. 2009లో గొప్ప విద్యార్థివేతనములకు దరఖాస్తు పెట్టగా, ఆ వ్రాత మరియొక పండితునిదని ఒక ఆచార్యుడు గుర్తుపట్టెను. 2010లో నేరమొప్పుకొనెను. పదియేండ్ల ప్రొబేషను, 45,806 డాలర్లు తిరిగి చెల్లించవలెనని తీర్పు. మరియొకటి మన దేశపు పిల్లవానిది. 2023లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయములో పూర్తి సహాయముతో చేరుటకు, బ్రదికియున్న తండ్రికి మరణ ధ్రువపత్రము సృష్టించెను. తరువాత పేరు చెప్పక తన నేర్పును తానే ఇంటర్నెట్టులో వ్రాసికొని, దానివలననే దొరకెను. 2024లో అరెస్టయి, నేరమొప్పుకొని, స్వదేశమునకు తిరిగి రావలసివచ్చెను. ఆ వార్త చదివినప్పుడు నాకు చట్టము సంగతి అంతగా తోచలేదు. కొడుకు చదువునకై ఇక్కడ ఎదురుచూచుచున్న ఆ తండ్రి, తన పేరుగల ఆ కాగితమును చేతపట్టుకొని చదివినయెడల ఎట్లుండునో అని మాత్రము తోచెను.

అయితే మన పిల్లలలో బహుమందికి ఇంత పెద్ద అబద్ధము శోధన కాదు. వారి శోధన మనకు బాగుగా తెలిసినదే. సాక్ష్యపు కూటములలో కూర్చుండినవారందరు ఎరుగుదురు. ఒక సహోదరుడు మొదటియేట తాను త్రాగుచుంటినని చెప్పెను. రెండవయేట త్రాగి భార్యను కొట్టుచుంటినని చెప్పెను. ఐదవయేటికి అతడు కత్తి పట్టుకొని ఊరంతయు తిరిగినవాడయ్యెను. ప్రక్కన కూర్చుండిన భార్య మాత్రము తల వంచుకొని, కొంగు సరిచేసికొనుచుండెను. అతడు అబద్ధము చెప్పవలెనని లేచి నిలిచినవాడు కాడు. గుడిలో కన్నీళ్లు రావలెనని కోరెను, అంతే. పాపము ఎంత పెద్దదైతే కృప అంత పెద్దదిగా కనబడునని అనుకొనెను. దుఃఖమునకు విలువ దొరకు చోట దుఃఖము పెరుగుచు పోవును. పూర్వము మన పెద్దలను గూర్చి దూరదేశములకు వెళ్లిన నివేదికలలో చింపిరి గుడ్డల ఫోటోలే ఎక్కువగా అచ్చుపడెను. అదే మనుష్యులు పెండ్లికి నవ్వుచు దిగిన ఫోటోలు అచ్చుపడలేదు. చింపిరి గుడ్డలు నిజమే. అవే సంపూర్ణ నిజము కావు.

ఇప్పుడు నాయొద్దకు వచ్చిన ఒక వ్యాసము సంగతి చెప్పెదను. పేరు చెప్పను, అనుమతి ఇచ్చినది సంగతికి మాత్రమే.

మాది నల్లగొండ జిల్లా. మా నేలలోని రాతిపొరలలో ఫ్లోరైడు కలదు. బోరునీళ్లలోనికి అది కరగి దిగును. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పును. మావైపు అనేక బోరులలో అంతకు ఎన్నో రెట్లు ఉండెను. పండ్లు గారపట్టి, మోకాళ్లు వంగి, నడుము లేవక కర్రపట్టి నడుచువారిని చూచుచునే మా తరము పెరిగెను. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నాగపూరులోని నీరీ సంస్థవారు మా జిల్లా పేరే పెట్టిరి. తరువాత 2016లో ఆరంభమైన మిషన్ భగీరథవలన ఇండ్లకు కృష్ణానీరు కుళాయిలలో వచ్చెను.

మా సంఘపు పిల్లవాడొకడు ఈ నీరు త్రాగి పెరిగి, తల్లి నర్సు ఉద్యోగమువలన కాలిఫోర్నియా వెళ్లెను. కమ్యూనిటీ కాలేజీలో రెండేండ్లు ముగించవచ్చెను. నీటిని శుద్ధిచేయు ఇంజనీరింగు చదువుటకు విశ్వవిద్యాలయమునకు మారగోరుచున్నాడు. తాను సిద్ధపడిన విధమును గూర్చిన జవాబు మూడుసార్లు వ్రాసి మూడును నాకు పంపెను.

మొదటిదానిలో నీరే మాటలాడును. బోరుగొట్టములోనుండి నీరు పైకి వచ్చుచు తన కథ చెప్పును. చక్కగానే ఉండెను. యోతాము చెట్లు మాటలాడినప్పుడు నీరు మాటలాడరాదా? మాటలాడవచ్చును, తప్పేమియు లేదు. కాని చదువుట ముగించిన తరువాత నాకు నీటిని గూర్చి తెలిసెను గాని పిల్లవానిని గూర్చి తెలియలేదు. అదే వ్రాసి పంపితిని.

రెండవది ఒక స్నేహితుని సలహాతో వ్రాసెను. దానిలో నాయనమ్మ వంగిన మోకాళ్లతో నేటికిని ఆ బోరునీళ్లే మోయుచున్నది. మనుమడు ఆమెకొరకు ఇంజనీరు కాబోవుచున్నాడు. చదివినవారికి కన్నీళ్లు రాకపోవు. నాయనమ్మ మోకాళ్లు నిజమే. ఆమెకు నేను నెలకొకసారి ఇంటికి వెళ్లి బల్ల ఇచ్చుచున్నాను. కాని కుళాయి వచ్చిన సంగతి ఆ వ్యాసములో లేదు. "అయ్యగారూ, అబద్ధమొక్కటియు వ్రాయలేదు గదా?" అని అడిగెను. "నేటికిని" అను మాట యొక్కటి చాలు నాయనా, అంటిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, కుళాయి వచ్చినదని వ్రాసినయెడల తన కథకు బలము పోవునని చెప్పెను. నీళ్లు వచ్చినవి, మోకాళ్లు మాత్రము తిరిగి చక్కబడలేదు గదా, అది నీకు తక్కువ బలముగా కనబడుచున్నదా అని అడిగితిని.

మూడవది పది దినములకు వచ్చెను. దానిని చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చుండితిని. కళాశాలలో మొదటి సంవత్సరము రసాయనశాస్త్రపు తరగతిలో, అమెరికా ఊళ్లలో పండ్లు పుచ్చకుండుటకు త్రాగునీటిలో ఫ్లోరైడు కలుపుదురని ఉపాధ్యాయుడు చెప్పెనట. ఈ పిల్లవాడు లేచి, అది విషము, మా నాయనమ్మను వంచినది అదే, మీరు జనులకు విషము పెట్టుచున్నారని అందరియెదుట గట్టిగా పలికెను. కొందరు నవ్విరి. ఉపాధ్యాయుడు నవ్వలేదు. "ఎంత కలుపుదురో, మీ ఊరిలో ఎంత ఉండెనో కనుగొని రమ్ము" అనెను. అక్కడివారు కలుపుమని చెప్పునది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు; 2015లో నిర్ణయించిన లెక్క అది. మా ఊరిలో ఉండినది దానికి ఎన్నో రెట్లు. పిల్లవాడు లెక్క తెచ్చి, తాను పొరబడితినని అదే తరగతిలో చెప్పి, ఆ దినమునుండి కొలతలను గూర్చి చదువ మొదలుపెట్టెను. (అక్కడను ఈ వాదము ముగియలేదు, 2025లో యూటా రాష్ట్రము ఫ్లోరైడు కలుపుటను మాన్పించెను. ఆ సంగతియు అతడు ఒక వాక్యములో వ్రాసెను.)

స్నేహితులు భయపడిరి. విశ్వవిద్యాలయమునకు నీ తెలివితక్కువను చూపుదువా, నిన్ను చూచి నవ్విరని నీవే వ్రాసికొందువా అనిరి. తల్లియు వద్దనెను. ఆమె భయము నాకు అర్థమగును. రాత్రి డ్యూటీలు చేసి పెంచిన తల్లి. కాని నేను వ్రాయుమంటిని. నీరు మాటలాడుటకంటె ఇది పెద్ద సాహసము. నీరు మాటలాడినయెడల చదువరికి నచ్చకపోవచ్చును, అంతే. ఇక్కడ పిల్లవాడు తన తప్పును తానే పరుల చేతికి అప్పగించుచున్నాడు. అడిగిన ప్రశ్నకు సూటియైన జవాబు కూడ ఇదే. ఎట్లు సిద్ధపడితివి? పొరబడి, కొలిచి, దిద్దుకొని సిద్ధపడితిని. ఒకే ఉప్పు ఒక కొలతలో పంటికి మేలు, మరియొక కొలతలో ఎముకకు కీడు అను ఆలోచన ఏ పుస్తకమునుండియు ఎత్తుకొనవలసినది కాదు. ఆ రెండు నీళ్లును త్రాగినవానికి అది సొంతము.

ఒక అభ్యంతరము మిగిలియున్నది; దానిని తేలికగా త్రోసివేయరాదు. "ధనవంతుల పిల్లలు వేల డాలర్లిచ్చి సలహాదారులను పెట్టుకొందురు. 2019లో బయటపడిన కేసులో పెద్దపెద్దవారు ఎన్నడును ఆడని పిల్లలను ఆటగాండ్రుగా చూపి సీట్లు కొనిరి. అట్టి సంతలో మన బీదపిల్లవాడు మాత్రము తూచి తూచి నిజము చెప్పుచు కూర్చుండవలెనా?" అని ఒక పెద్దాయన నన్ను అడిగెను. సంత న్యాయమైనదని నేననను. నిజము చెప్పిన సీటు వచ్చునని మాట ఇయ్యను, రాకపోవచ్చును. అయితే సలహాదారుని పెట్టుకొనలేని పిల్లవానికి తన బ్రదుకులోని సంగతి తప్ప వేరు సొత్తు లేదు. దానికి రంగు పూసినయెడల అది సంతలోని తక్కిన సరుకులవలెనే కనబడును. ఆ సరుకులో ధనవంతునితో అతడు పోటీపడలేడు.

ఇక అనుమతి సంగతి. వ్యాసములో మన మోకాళ్లు మాత్రమే ఉండిన పరవాలేదు. నాయనమ్మ మోకాళ్లు ఉన్నప్పుడు ఆమెను అడుగవలెను. అడుగుమంటిని. ఆదివారము ఆరాధన తరువాత ఆమె యింటిలో కూర్చుండి నా ఫోనులోనే మాటలాడించితిని. మనుమడు వ్యాసమంతయు తెలుగులో చెప్పెను. ఆమె విని, "నా మోకాళ్ల ముచ్చట రాస్తే రాయి బిడ్డా. కని నీళ్లొచ్చిన ముచ్చట గూడ రాయి. లేకుంటే ఇంకా గట్లనే ఉన్నమనుకుంటరు" అనెను. రాసితినని అతడు చెప్పగా, తరగతిలో నవ్విన పిల్లలెవరని అడిగి, వారిని కొంచెము తిట్టెను.

దరఖాస్తులు పుచ్చుకొనుట నవంబరు నెలాఖరు వేళకు ముగియును. నాయనమ్మను గూర్చిన భాగము ఇప్పుడు నాలుగు వాక్యములే ఉన్నది. మొత్తము 362 మాటలాయెనట. ఇంకను పండ్రెండు తీసివేయవలెను. ఏవి తీయవలెనో నన్ను అడిగెను గాని, అది అతని పనియని వదలివేసితిని.